తాబేలు కంటనీరు

పోయిన వేసవిలో మా సాయంత్రం తరగతిలో ఏడో తరగతి చదివే పాప ఒకతె ఫోనులో ఒక వీడియో చూపించింది. రాత్రిపూట ఇసుకలో గుడ్లు పెడుతున్న సముద్రపు తాబేలు. కంటి కొన నుంచి చిక్కటి నీరు ధార కట్టి కిందికి జారుతోంది. 'పుట్టబోయే బిడ్డల్ని మళ్లీ చూడలేనని తల్లి ఏడుస్తోంది' అని కింద ఎవరో రాశారు. "మా దాదీ కూడా అదే అన్నది సార్. నిజమేనా?" అని అడిగింది.

కాదని చెప్పడానికి అర నిమిషం చాలు. మరి ఆ నీరెందుకు అంటే మాత్రం మాకు మూడు సాయంత్రాలు పట్టింది. ఆ పాఠమే ఇక్కడ పెద్దలకోసం రాస్తున్నాం.

ముందుగా ఒక లీటరు మంచినీళ్లలో రెండు పెద్ద చెంచాల ఉప్పు, అంటే సుమారు 35 గ్రాములు, పిల్లలచేతే కలిపించాం. సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు అంతే ఉంటుంది. వేలు ముంచి నాలుకకు రాసుకున్నవాళ్లందరూ మొహం చిట్లించారు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో ఉప్పు లీటరుకు 9 గ్రాములే. మన రక్తపు ఉప్పదనం ఆ పాటిది. సముద్రపు తాబేలు రక్తం కూడా మన రక్తానికి దగ్గరగానే, సముద్రపు నీటిలో మూడోవంతు ఉప్పదనంతోనే ఉంటుంది. అంత పలచటి రక్తంతో అంత ఉప్పు నీటిలో జీవితమంతా గడపాలి.

నీళ్లు తాగకుండా ఉంటే సరిపోతుందా అంటే, సరిపోదు. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు తినేది పీతలు, రొయ్యలు, జెల్లీ చేపలు. వెన్నెముక లేని ఈ సముద్ర జీవుల ఒళ్లు సముద్రమంత ఉప్పన. ప్రతి ముద్దతోనూ ఉప్పు లోపలికి పోతుంది. ఆ ఉప్పును మూత్రపిండాలు బయటికి పంపాలి కదా అంటారు. మన మూత్రపిండాలు సముద్రపు నీటికన్నా ఉప్పు ఎక్కువగా ఉండే మూత్రాన్ని తయారు చేయలేవు. ఓడ మునిగి నీటిలో చిక్కుకున్నవాడు సముద్రపు నీరు తాగితే దాహం ఇంకా పెరిగి ప్రాణం పోయేది అందుకే. తాబేలు స్థితి ఇంకా కష్టం. సరీసృపాల మూత్రపిండాలు తమ రక్తం కన్నా ఉప్పన మూత్రాన్ని కూడా తయారు చేయలేవు.

ఈ ముడి విప్పినవారిలో ముఖ్యుడు నట్ ష్మిట్-నీల్సన్. నార్వేలో పుట్టి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన శాస్త్రవేత్త. అంతకుముందు ఆయన సహారా ఎడారిలో, అల్జీరియాలోని బెని అబ్బాస్ అనే ఒయాసిస్సులో, ఒంటెల మీద పరిశోధన చేశాడు. ఒంటె మూపురంలో నీళ్లు దాచుకుంటుందనే మాట తప్పని, అక్కడ ఉండేది కొవ్వని తెలిపినవారిలో ఆయన ఒకరు. (ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో ఒంటె మీదే అరగంట గడిచిపోయింది. తాబేలు దగ్గరికి పిల్లల్ని మళ్లీ లాక్కురావలసి వచ్చింది.) నీళ్లు లేనిచోట ఒంటె ఎలా బతుకుతుందో చూసినాయన, తాగలేని నీళ్ల మధ్య సముద్ర జీవులు ఎలా బతుకుతాయన్నదీ చూశాడు. సముద్రపు పక్షులు ముక్కు దగ్గరి గ్రంథి ద్వారా ఉప్పును వదులుతాయని మొదట తేలింది. 1958లో ఆయన, రాగ్నార్ ఫాంగే అనే మరో శాస్త్రవేత్త కలిసి సముద్రపు తాబేలులోనూ అలాంటి లవణ గ్రంథి ఉందని ప్రకటించారు.

తాబేలుకు అది కళ్ల వెనక ఉంటుంది, కంటికొకటి. తోలు వీపు తాబేలు జెల్లీ చేపల మీదే బతుకుతుంది గనుక దాని లవణ గ్రంథులు మెదడుకన్నా పెద్దవి. గ్రంథిలోని సన్నటి గొట్టాల గోడల్లో ఉండే కణాలు శక్తి ఖర్చుపెట్టి రక్తంలోంచి ఉప్పును తోడి, కొద్దిపాటి నీటితో కలిపి కంటి మూలకు పంపుతాయి. ఆ చిక్కటి జిగురు నీరు సముద్రపు నీటికన్నా సుమారు రెండింతలు ఉప్పన. లెక్క చూడండి. లీటరు సముద్రపు నీటిలోని ఉప్పును అర లీటరు కన్నీటితో పంపేస్తే మిగిలిన అర లీటరు మంచినీరే కదా! ఒడ్డున బావి తవ్వుకోలేని జీవి తన కళ్ల వెనకే బావి తవ్వుకుంది.

ఈ కన్నీరు గుడ్లు పెట్టే రాత్రి ఒక్కటే కాదు, సముద్రంలో ఉన్నప్పుడూ వస్తుంది. నీటిలో ఉన్నది నీటిలో కలిసిపోతుంది. ఆడ తాబేలు ఒడ్డెక్కి, గొయ్యి తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లే ఆ గంటసేపే మనిషి కంటికి కనిపిస్తుంది. ఎగిరిపడే ఇసుక కంట్లో నిలవకుండా కడిగేయడం దానివల్ల కలిగే మరో మేలు.

'మొసలి కన్నీరు' అని మనం అంటాం కదా, దాని మాటేమిటని ఒక అబ్బాయి అడిగాడు. ఉప్పునీటి మొసలికి లవణ గ్రంథులు నాలుక మీద ఉన్నాయి. ఉప్పును వదలడానికి దానికి కంటితో పని లేదు. ఆ సామెత ఎవరికి తగులుతుందో గానీ తాబేలుకు మాత్రం తగలదు.

ఇంతకీ దాదీ మాట తప్పని తేలాక ఆ పాప ముఖం చిన్నబోయింది. "అయితే దానికి బాధ లేనట్టేనా?" అంది. మూడో సాయంత్రం ఆ ప్రశ్నకే పోయింది. గుడ్లు పెట్టే రాత్రి తాబేలు శ్రమపడుతుంది, నిజమే. దాని మీదికి వచ్చే పెద్ద ఆపద మాత్రం సముద్రంలో ఉంది. అక్కడ అది ఏడ్చేదీ ఏడవనిదీ చూసేవాళ్లెవరూ ఉండరు. జాలి పడ్డవాళ్లను మేము తప్పుపట్టం. ఫోనులో కన్నీరు చూసి కరిగిన మనసు, కన్నీరు కనబడని చోటికి కూడా వెళ్లాలన్నదే మా మాట.

తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. గాలి పీల్చడానికి పైకి రావాలి. కదలకుండా ఉంటే చాలాసేపు ఊపిరి బిగబట్టగలదు. మరబోటు లాగే వలలో చిక్కి గింజుకుంటుంటే ఆ గాలి త్వరగా అయిపోతుంది. నీటిలో పుట్టి పెరిగిందనుకునే జీవి నీటిలోనే మునిగి చనిపోతుంది. మన తీరంలో అవి గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతతి కోసం పెట్టింది గనుక తాబేళ్లు ఒడ్డుకు దగ్గరగా తిరిగే నెలల్లో చాలా భాగం దాని బయటే ఉండిపోతుంది. ఒడిశాలో తాబేళ్లు గుంపులుగా చేరే కొన్ని చోట్ల నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట నిషేధించారు.

వలలోనే ఉపాయం ఒకటుంది. వల మధ్య ఏటవాలుగా ఒక చువ్వల చట్రం, దాని దగ్గర బయటికి ఒక దారి. రొయ్యలు చువ్వల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి ఆ దారిన బయటపడుతుంది. ఇది లేని వలలతో పట్టిన సముద్రపు రొయ్యలను అమెరికా కొనదు. 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్యలకు అక్కడ తలుపు మూసింది ఈ కారణంతోనే. ఆ దారిన కొంత చేప కూడా పోతుందని మత్స్యకారులు అంటారు. డీజిలుకు అప్పు చేసి వేటకు పోయేవాడికి అది చిన్న మాట కాదు. నష్టం అతని ఒక్కడి నెత్తినే వేసి, ఒడ్డున నిలబడి తాబేలు మీద జాలిపడితే లాభం లేదని మాకు అనిపిస్తుంది.

బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో అటవీశాఖ వారు గుడ్లు సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంటారు. గుడ్లు పిల్లలవడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అరచేతిలో పట్టే ఆ పిల్ల ఇసుక దాటేసరికి ఒంట్లో నీరు తగ్గుతుంది. అలల్లోకి చేరగానే ఉప్పునీరే తాగుతుంది. కంటి వెనక గ్రంథి అప్పటికే సిద్ధం.

వచ్చే సీజనులో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాం. ఆ పాప తన దాదీని కూడా తీసుకొస్తానంది. వెలుగు ఎటు ఉంటే పిల్ల తాబేళ్లు అటు దారి తప్పిపోతాయి గనుక టార్చిలైట్లు, ఫోను లైట్లు వద్దని ఇప్పుడే చెప్పేశాం.