పింఛను కోసం దాచిన మనిషి

చెల్లీ, మదీనాగూడలో ఒక్క గది అద్దెకు కూడా సరిపోని డబ్బు కోసం ఇంట్లో మనిషిని దాచేవాళ్లున్నారంటే నమ్ముతావా? మా గల్లీలో ఫ్లాట్లలో వంటలు చేసే అమ్మాయి ఉంది. మొగుడు వదిలేసి పోయాక ఒంటరి మహిళల పింఛను రాయించుకుంది. 2017లో వెయ్యి రూపాయలతో మొదలై, 2019లో 2,016కి పెరిగిందే, అదే. తర్వాత ఒక డ్రైవరు తోడయ్యాడు, మంచివాడే. ఇంటి ఓనరు అడిగితే ‘మా మేనమామ కొడుకు’ అంది. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకొస్తున్నారని తెలిసి, అతని చెప్పులు మంచం కిందికి తోసి, గడ్డం గీసుకునే రేజరు బియ్యం డబ్బాలో పెట్టి, మనిషిని మియాపూర్ మెట్రో దగ్గరికి పంపించేసింది!

తాళి కట్టలేదు కదా, మళ్లీ పెళ్లెలా అవుతుందక్కా అంటుంది. మళ్లీ పెళ్లయితేనే కాదు, ఆర్థికంగా నిలదొక్కుకున్నా ఆ పింఛను ఆగిపోతుందమ్మా. పట్నంలో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల ఆదాయం దాటకూడదని షరతు. ఇద్దరి సంపాదనా కలిపితే ఎక్కడ తేలుతుందో చూసుకో. తీసుకున్న పింఛను తిరిగి వసూలు చేస్తారన్నది కూడా ఉత్తమాట కాదు. 2024లో కొత్తగూడెం జిల్లాలో ఒక ముసలమ్మకు, ఇంకో పింఛను కూడా తీసుకుంటోందని, లక్షా డెబ్భై వేల పైచిలుకు తిరిగి కట్టమని నోటీసు వచ్చింది. గోల రేగాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది, సరే. బ్రిటన్‌లో అయితే ఇలా దాస్తే తీసుకున్నది రాబట్టడమే కాదు, కోర్టుకూ ఈడ్చే వీలుంది.

నా భయం నోటీసు గురించి కాదు. రేపు అతను చెయ్యి చేసుకున్నా, వదిలేసి పోయినా ఏం చేస్తుంది? 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి బంధంలో ఉన్న ఆడవాళ్లకూ అండగా ఉంది. అలాంటి బంధమని ఎప్పుడనాలో 2010లో సుప్రీంకోర్టు వేలుసామి కేసులో చెప్పింది: లోకం ముందు భార్యాభర్తల్లా మెలగాలి, పెళ్లాడే అర్హత ఇద్దరికీ ఉండాలి, ఇష్టపడి కొంతకాలం కలిసి కాపురం చేసుండాలి. ఈమె లోకానికి చెప్పిందేమో మేనమామ కొడుకని! ఓనరు సాక్ష్యానికొస్తే అదే చెబుతాడు. సర్వే కాగితంలో అతని పేరే లేదు. పైగా మొదటివాడితో విడాకులే కాలేదు, ఆ అర్హత దగ్గరే ఆగిపోతుంది.

విడాకులకు లాయరు ఖర్చెక్కడిదని వాపోయింది. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారు, ఆదాయంతో పనిలేదు. మనకు రంగారెడ్డి జిల్లా సంస్థ వస్తుంది. గొడవ ముదిరితే 181కి ఫోను చేయొచ్చు.

పింఛను వదులుకోమంటే, ‘ముందు విడాకులు కానీ అక్కా, తర్వాత పింఛను ఆపమని రాసిస్తా’ అంది. అదెలా కుదురుతుందే అన్నాను. విడాకుల కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, ఎవరితో ఉంటున్నావని లాయరు అడగడూ?