గాయపడిన మాజీ సైనికుడు ముందు ఏ ఆఫీసుకు వెళ్లాలి?

యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికుడికి డబ్బు ఇబ్బంది రాగానే కలెక్టరేట్‌కు వెళ్లమని, ఎమ్మెల్యేను కలవమని చెప్పేవాళ్లే ఎక్కువ. ముందు ఇంట్లో ఉన్న పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) తీసి చదవండి. రావాల్సిన డబ్బులో పెద్ద భాగం తేలేది అక్కడే.

పీపీఓలో ఏం చూడాలి?
మీకిచ్చేది మామూలు వైకల్య పింఛనా, యుద్ధ గాయ పింఛనా? నూరు శాతం వైకల్యానికి మొదటిదాంట్లో వైకల్య భాగం చివరి జీతంలో 30 శాతమే. యుద్ధ గాయం వల్ల సర్వీసు నుంచి పంపేసిన వాళ్లకు ఆ భాగం చివరి జీతమంతా వస్తుంది. వైకల్య శాతమూ చూడండి. మెడికల్ బోర్డు 40 అని రాస్తే పింఛను లెక్కలో దాన్ని 50గా తీసుకోవాలి. సర్వీసు పూర్తిచేసి రిటైరైన వాళ్లకూ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తేడా కనిపిస్తే స్పర్శ్ పింఛను పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, మీ రికార్డ్ ఆఫీసుకూ రాయండి. అక్కడ కాదంటే సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది. తెలంగాణ చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది.

పింఛనే లేకపోతే?
సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. హవల్దార్, అంతకు తక్కువ ర్యాంకులో పనిచేసి, పింఛను లేకుండా 65 ఏళ్లు దాటినవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలకు రూ.8,000 ఇస్తుంది. 2025 నవంబరుకు ముందు ఇది రూ.4,000. ఆ ర్యాంకులవాళ్ల పిల్లల చదువుకూ ఇద్దరి వరకు ఒక్కొక్కరికి నెలకు రూ.2,000 సాయం ఉంది. ఏ సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాలన్నది మీ జిల్లాను బట్టి ఉంటుంది. ఉదాహరణకు ఎల్బీనగర్ రంగారెడ్డి జిల్లా. దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట వైపు వెళ్తే హైదరాబాద్ జిల్లా. మీ చిరునామా ఏ జిల్లాలో ఉందో చూసుకుని బయలుదేరండి.

కలెక్టరేట్ పని ఎప్పుడు?
40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ సర్టిఫికెట్ ఉన్న పేదలకు రాష్ట్రం నెలకు రూ.4,016 ఇస్తోంది. ప్రభుత్వ పింఛను తీసుకునేవాళ్లకు ఇది రాదు. దరఖాస్తు కదలకపోతే రంగారెడ్డి జిల్లావాళ్లు సోమవారం కొంగరకలాన్‌లోని కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోకుండా తిరిగి రావద్దు.

ఇంకా పనిచేయగలిగితే?
సెక్యూరిటీ డ్యూటీ ఒక్కటే దారి అనుకోకండి. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో 4.5 శాతం వైకల్యం పొందిన మాజీ సైనికులకు, యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు. ఆ పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సెంటర్లు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నాయి. వయసు సడలింపు ఎంతో నోటిఫికేషన్‌లో చూసి దరఖాస్తు చేయండి.

సైనికులు చాలామంది సాయం అడగడానికి మొహమాటపడతారు. నడవలేని మనిషి ఆఫీసుల చుట్టూ ఒంటరిగా తిరగలేడు కూడా. ఇంట్లోవాళ్లు, కాలనీవాళ్లు పీపీఓ, డిశ్చార్జి బుక్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు సిద్ధం చేసి ఆయన వెంట వెళ్లండి. ఆ డబ్బు ఆయన హక్కు.