మార్కెట్ పాఠం: మీటరు గేజి దప్తరాల్లో వేరుశనగ ధర

గట్టులో కల్లం దగ్గర వేరుశనగకు పలికే ధర గట్టులో పుట్టదు. అది నూనె మిల్లులున్న పట్నాల్లోనో, రేవుల్లోనో పుడుతుంది. అక్కడి ధరలో నుంచి దారి ఖర్చులన్నీ తీసివేయగా మిగిలినదే రైతు చేతికి వస్తుంది. కాబట్టి ధరవరలు చదివే వారికి దారి చరిత్ర కూడా కొంత తెలిసి ఉండాలి. గద్వాల, వనపర్తి ప్రాంతాలకు సంబంధించినంత వరకు ఆ చరిత్ర నిజాం రైల్వే మీటరు గేజి లైనుది. ఈ వారం పాఠం దాని గురించే.

లైను పూర్వాపరాలు

బొంబాయి నుంచి వచ్చిన లైనూ, మద్రాసు నుంచి వచ్చిన లైనూ 1871లో రాయచూరు వద్ద కలిశాయి. మూడేళ్లకు, 1874లో, వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం లైను వచ్చింది. 1883లో లండన్‌లో ఏర్పడిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ దానిని చేపట్టింది. పెట్టుబడిపై నూటికి 5 వంతున వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ పడింది. 1889 నాటికి లైను బెజవాడ చేరింది. దారిలో సింగరేణి బొగ్గు దొరకడంతో ఆ రైల్వేకు స్థిరమైన సరకు రాబడి ఏర్పడింది.

ఇవన్నీ బ్రాడ్ గేజి లైన్లు. మన ప్రాంతానికి వచ్చినది మీటరు గేజి. సికింద్రాబాద్ నుంచి దక్షిణంగా 1910ల్లో మొదలైన నిర్మాణం మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా సాగి 1920ల చివరకు కర్నూలు, ద్రోణాచలం చేరింది. 1930 ఏప్రిల్ 1న రైల్వే నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1950లో భారత ప్రభుత్వానికి, 1951లో సెంట్రల్ రైల్వేకు, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు మారింది. 1990ల్లో ఈ లైను బ్రాడ్ గేజి అయింది.

దప్తరాలను చదివే తీరు

పాత సరకు లెక్కలు రెండు రకాలు. ఒకటి కంపెనీ సాలు నివేదిక. ఇందులో మొత్తం రాబడి, నడపడానికైన ఖర్చు, వారానికి మైలు ఒక్కింటికి వచ్చిన ఆదాయం ఉంటాయి. ఇది వాటాదారు కోసం, హామీ పడిన ప్రభుత్వం కోసం రాసిన లెక్క. రెండవది స్టేషను సరకు గిడ్డంగిలో ఉండే రిజిస్టరు. ఏ సరకు, ఎన్ని బస్తాలు, ఏ స్టేషనుకు, ఎంత కిరాయికి వెళ్లిందో అందులో ఉంటుంది. మార్కెట్ విద్యార్థికి పనికివచ్చేది రెండవదే. లైను నష్టంలో ఉన్న ఏడాదిలో కూడా ఊరి పంటకు మంచి ధర తెచ్చి ఉండవచ్చు. ఆ సంగతి వాటాదారుల నివేదికలో కనిపించదు.

ఈ కాగితాలు చదివేటప్పుడు మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది నాణెం. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా, బ్రిటిషు ప్రాంతంలో కల్దారు రూపాయి చెలామణి అయ్యేవి. ఇంచుమించు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానం. రెండవది సంవత్సరం. నిజాం ప్రభుత్వ కాగితాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటే దానికి 590 కలపాలి. 1340 ఫస్లీ అంటే సుమారు 1930-31. మూడవది తూనిక. పాత టన్ను 2,240 పౌన్లు, ఇప్పటి టన్ను 1,000 కిలోలు. ఇవి సరిచూసుకోకుండా పాత కిరాయిని నేటి కిరాయితో పోల్చితే లెక్క తప్పుతుంది.

మూడు ఖర్చులు

మొదటి ఖర్చు గేజి మార్పు. మీటరు గేజి వెడల్పు 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. ఒకదాని వ్యాగన్ మరొకదాని మీద నడవదు. బ్రాడ్ గేజి లైను మీది ఊరికి పోయే బస్తాలను గేజి మారే స్టేషనులో దించి, మరో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. హమాలీ కూలి, ఆలస్యం, చిరిగిన గోతాల తరుగు అన్నీ ధరలోంచే పోతాయి. అయితే మీటరు గేజి అన్నింటికీ అడ్డం కాలేదు. ద్రోణాచలం, గుంతకల్లు మీదుగా హుబ్లీ, మార్మగోవా రేవు దిక్కుకు ఆనాడు మీటరు గేజి దారే ఉండేది. అందువల్ల ఏ దిక్కు ధర మెరుగో వ్యాపారి కిరాయి పట్టీ చూసి నిర్ణయించేవాడు.

రెండవ ఖర్చు స్టేషను దూరం. స్టేషను పేరు చివర 'రోడ్' అని ఉంటే ఊరు లైనుకు దూరమని అర్థం. వనపర్తి రోడ్, ఆలంపూర్ రోడ్ ఇందుకు ఉదాహరణలు. రైలు కిరాయికి ముందే బండి కిరాయి పడేది. గట్టుకు స్టేషనే లేదు. బండి గద్వాలకు తోలడమా, రాయచూరుకు తోలడమా అన్నది రైతు ముందున్న ప్రశ్న. రాయచూరులో బ్రాడ్ గేజి ఉండేది, కాని 1956 తరువాత ఆ పట్నం వేరే రాష్ట్రంలోకి వెళ్లింది.

మూడవ ఖర్చు సరకు స్వభావం. వేరుశనగకాయ తేలిక, కాని చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. బరువు నిండక ముందే వ్యాగన్ నిండిపోతుంది. 100 క్వింటాళ్ల కాయ ఒలిస్తే సుమారు 70 క్వింటాళ్ల గింజ వస్తుంది. క్వింటాలుకు కిరాయి 100 రూపాయలనుకుంటే కాయకు 10,000, గింజకు 7,000 రూపాయలు. తేడా 3,000. పొట్టు ఇక్కడే వంటచెరకుగా మిగులుతుంది. సరకును స్టేషను ఊళ్లోనే ఒలిపించి గింజగా పంపడంలోని లాభం ఇదే.

ఒక లెక్క

కేవలం ఉదాహరణకు, దూరపు మార్కెట్లో గింజ ధర క్వింటాలుకు 7,000 రూపాయలనుకుందాం. స్టేషను వరకు బండి 60, ఎత్తుడు కూలి 20, రైలు కిరాయి 150, గేజి మార్పు 25, తరుగు 35, వడ్డీ, వ్యాపారి లాభం కలిపి 110. మొత్తం 400. ఇక్కడ మిగిలే ధర 6,600.

గేజి మార్పు పోతే 25 రూపాయలు, తరుగులో కొంత మిగలాలి. అది రైతుకు చేరుతుందా? కొనే వారు ఇద్దరు ముగ్గురు పోటీ పడితే చేరుతుంది. కొనేవాడు ఒక్కడే అయితే అతని దగ్గరే ఆగుతుంది. రైలు మార్గం ధరకు అవకాశం ఇస్తుంది గాని హామీ ఇవ్వదు.

బ్రాడ్ గేజి వచ్చిన తరువాత

గేజి మారడంతో మొదటి ఖర్చు పోయింది. 2013లో గద్వాల-రాయచూరు లైను మీద రైళ్లు మొదలై గద్వాల జంక్షన్ అయింది. కాని అంతకు ముందే మరో అడ్డు ఏర్పడింది. పూర్వం వ్యాపారి ఒక్క వ్యాగన్‌కు, ఇంకా వెనుకటి రోజుల్లో కొద్ది బస్తాలకు కూడా రైల్వే రసీదు తీసుకునేవాడు. ఆ రసీదును బ్యాంకులో పెట్టి సొమ్ము తెచ్చుకుని మళ్లీ యార్డులో కొనేవాడు. 1980ల నుంచి రైల్వేలు విడి వ్యాగన్లను తగ్గించి పూర్తి రేకుల వైపు మళ్లాయి. నేటి మూసిన వ్యాగన్ ఒక్కొక్కటి 60 టన్నులకు పైగా మోస్తుంది. అలాంటివి 40 కలిస్తే రేకు సుమారు 2,500 టన్నులు. ఒక చిన్న కమీషన్ వ్యాపారి అంత సరకు ఒక్కసారి కూడగట్టలేడు. అందుకే పట్టాలు పెద్దవైనా చిన్న బేరం లారీకే పోయింది. డీజిల్ ధర పెరిగినప్పుడల్లా ఆ భారం కల్లం ధర మీద పడుతుంది.

రైతులు గమనించవలసినవి

మార్గాలు పూర్తిగా మూసుకుపోలేదు. సగం రేకుకు, రెండు స్టేషన్లలో నింపే రేకుకు కూడా రైల్వే నిబంధనల్లో వీలుంది. ఒక వ్యాపారికి కానిది రైతు సంఘాలు, మిల్లులు కలిస్తే కావచ్చు. సరకు పోగు చేయడానికి గిడ్డంగి, నిలవ కాలానికి వడ్డీ ముందుగా లెక్క వేసుకోవాలి.

అమ్మకానికి పోయే ముందు రైతు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ సరకు చివరకు ఏ ఊరికి పోతుంది? అక్కడి ధర ఎంత? దారి ఖర్చు పద్దుల వారీగా ఎంత? మూడవ ప్రశ్నకు జవాబు 'అంతా కలిపి ఇంత' అని వస్తే పద్దులు విడదీసి చెప్పమనాలి. పాత గిడ్డంగి గుమాస్తా బస్తా బస్తాకు రాసిపెట్టింది ఆ పద్దులే.