కువైట్ సంపాదనకు ఇంటి దగ్గర లెక్క

రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో వానను నమ్ముకుని వేరుశనగ వేసి, అప్పుల పాలై కువైట్ దారి పట్టిన కుటుంబాలు ఎన్నో. ఇళ్ళల్లో పనికి, డ్రైవర్లుగా, కూలీలుగా పోయిన ఆడవాళ్ళ, మగవాళ్ళ సంపాదనతోనే ఇక్కడ మిద్దెలు లేచాయి. అయినా ఏళ్ళ తరబడి కష్టపడినవారు కూడా సెలవుకు వచ్చి, చేతిలో ఏమీ మిగలక మళ్ళీ విమానం ఎక్కుతున్నారు. ఇంకో వీసా అవసరం లేకుండా సొంత ఊళ్ళో నిలబడగలిగితే, అదే మనకు ఆర్థిక స్వేచ్ఛ. అది నెలనెలా పాటించే అలవాట్లతోనే వస్తుంది.

మొదట వడ్డీ అప్పు తీర్చండి. వీసాకు నూటికి మూడు రూపాయల వడ్డీతో లక్ష తెస్తే నెలకు 3,000, ఏడాదికి 36,000. వడ్డీ మాత్రమే కడుతూ పోతే రెండేళ్ళలో 72,000 పోయినా అసలు అట్లే ఉంటుంది. ఏ పొదుపూ అంత రాబడి ఇవ్వదు. అందుకే మిద్దె, నగలు, పెద్ద పెళ్ళి ఖర్చు ఆ తర్వాతే.

డబ్బు అంతా ఇంటి ఖాతాకే పంపకండి. జీతం పడిన రోజే ఇంటి ఖర్చుకు ఎంత, అప్పుకు ఎంత, పొదుపుకు ఎంత అని విడదీయండి. పొదుపు భాగం మీ పేరున ఎన్ఆర్ఈ (ప్రవాస భారతీయుల) ఖాతాలో వేసుకోండి. దానిపై వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. బ్యాంకు దారిలోనే పంపండి, బ్యాంకు బయట చేతులు మారే హుండీ వద్దు. చీటీ కట్టాలనుకుంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదేనా అని ముందు చూసుకోండి.

ఆపదకు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. చాలామంది కట్టుబట్టలతో దిగారు. అక్కడి ఉద్యోగం ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

ఈసీఆర్ (వలస అనుమతి అవసరమైన) పాస్‌పోర్టుతో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు వస్తాయి. పాలసీ కాపీ, నామినీ వివరాలు ఇంట్లో ఉంచండి, గడువు ముగిసేలోపు పొడిగించుకోండి. ఒప్పందం పూర్తయి వచ్చేటప్పుడు కువైట్ చట్టం ప్రకారం సర్వీసు సొమ్ము రావాలి. అందుకే ఒప్పంద పత్రం, జీతం రసీదులు భద్రంగా దాచుకోండి.

అన్నా, అక్కా, ఈ నెల జీతం పడేలోపు ఇంటివాళ్ళతో కూర్చున్నట్టే ఫోనులో మాట్లాడండి. అప్పు ఎంత, ఎన్ని నెలల్లో తీరుతుంది, ఊరికొచ్చాక ఏ పని చేస్తారు, దానికి పెట్టుబడి ఎంత కావాలి: ఈ నాలుగూ నోటుబుక్కులో రాయండి. తిరిగొచ్చే సంవత్సరం ఆ లెక్కలోంచే తేలుతుంది.