పాట పైనున్న రెండు మాటలు

పాఠ్యభాగము: 1 దినవృత్తాంతములు 25:1-8



ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినప్పుడు, కీర్తన తలమీద రాగము పేరును తాళము పేరును అచ్చువేసియుండుట మీరు చూచియుందురు. ఆ రెండు మాటలను విడిచి తిన్నగా పల్లవి ఎత్తుకొనుట మనకందరికి అలవాటు. ఈ నెల వాటి అర్థము నేర్చుకొందము.

వాటికంటె ముందు తెలియవలసినది శ్రుతి. హార్మోనియము మీద ఒక మెట్టు నొక్కి పట్టినప్పుడు ఎడతెగక వినబడు ధ్వనితో మన కంఠము కలియవలెను. కాబట్టి పాడువాని మొదటి పని వినుట.

రాగము: స్వరములు ఏడు. షడ్జమము, రిషభము, గాంధారము, మధ్యమము, పంచమము, ధైవతము, నిషాదము. వీటినే స, రి, గ, మ, ప, ద, ని అని పాడుదుము. నిచ్చెన ఎక్కినట్లు పైకి పోవుట ఆరోహణము, దిగివచ్చుట అవరోహణము. ఏ స్వరములు ఏ క్రమములో నడువవలెనో దానినిబట్టి రాగ మేర్పడును. మోహన రాగములో మ, ని లేవు. తక్కిన అయిదే యుండును.

తాళము: ఆదితాళమునకు 8 లెక్కలు. అరచేతితో ఒక దెబ్బ, పిమ్మట చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు, నడిమి వ్రేలు: ఇవి 4. తరువాత దెబ్బ వేసి చేయి వెల్లకిల త్రిప్పుట, మరల దెబ్బ వేసి త్రిప్పుట: ఇవి 4. లెక్కలన్నియు సమానముగా నడుచుటే లయ. లయ తప్పినప్పుడే ఆరాధనలో సగముమంది ముందు, సగముమంది వెనుక పాడుదురు.

"మాకు గొంతు లేదు" అందురా? మా సండేస్కూలులో ఒకప్పుడు కంఠము కలియని బాలునితో, పండుగనాడు పెదవులు మాత్రము కదుపుమంటిమి. ఆ బాలుడు పాడుటే మానివేసెను. తప్పు వానిది కాదు, మాది. శ్రుతి వినుట వానికి మేము నేర్పలేదు.

ఇంగ్లండులో 1841లో, పిల్లలకు పాట సులువుగా నేర్పు మార్గము కనుగొనుమని సండేస్కూలు ఉపాధ్యాయులు జాన్ కర్వెన్ అను యౌవన కాపరిని కోరిరి. ఆయన సంగీతము అభ్యసించినవాడు కాడు. సారా గ్లోవర్ అను ఉపాధ్యాయురాలి పద్ధతిని తాను మొదట నేర్చుకొని, సవరించి, టానిక్ సోల్‌ఫా అను పేరుతో వ్యాపింపజేసెను. డో, రే, మీ, ఫా, సో, లా, టీ అనునవి దానిలోని స్వరములు.

దావీదు దినములలో యెహోవా మందిరమున పాడుటకు నేర్పు పొందినవారు 288 మంది. వారి వంతులకు చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద అనిగాని, గురువు శిష్యుడు అనిగాని భేదము చూపలేదు. వారికిని పాట నేర్పబడినదే. నేర్చుకొనువానికి దేవుని సన్నిధిలో చోటున్నది.

ఈ నెల అభ్యాసము: ప్రతిదినము స్వరములు ఏడును మెల్లగా ఎక్కి దిగుడి. ఆదితాళము వేయుచు ఒక కీర్తన పాడుడి. మీ ప్రక్కన మౌనముగా నిలిచియున్నవానిని మీతో కలుపుకొనుడి.

ప్రార్థన: ప్రభువా, మొదట వినుటకు మా చెవులను, పిమ్మట స్తుతించుటకు మా నోళ్లను తెరువుము. ఆమేన్.