మీ అమ్మ చేసిన పని రాయి

చిరంజీవి బుజ్జికి,

నువ్వు పంపిన కాగితాలు అందాయి. అమ్మ సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేసి కావలిలో అందరికీ పంచాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. త్యాగమూర్తి, కరుణామయి, అమృతహృదయ... పేజీ పేజీకీ ఇవే మాటలు. చదువుతుంటే కళ్లు తడిశాయి గానీ, మా చెల్లెలు మాత్రం కనిపించలేదు. ఆ మాటలు ఏ తల్లి ఫొటో కింద వేసినా సరిపోతాయి. ఆమె ఏం చేసిందో, ఎట్లా చేసిందో రాయి.

పోలియో చుక్కల సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు. అది ఒక వాక్యంతో పోయే సంగతా? మన దేశంలో పల్స్ పోలియో 1995 డిసెంబరులో మొదలైంది. తర్వాతి ఏళ్లలో ఆదివారం కేంద్రంలో చుక్కలు వేశాక, వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. మీ అమ్మ భుజాన ఐస్ ప్యాకుల డబ్బా తగిలించుకుని బయల్దేరేది. సీసా బయటికి తీయగానే లేబుల్ మీది గుర్తు చూసేది. వృత్తం మధ్యలో చిన్న చతురస్రం ఉంటుంది. అది చుట్టూ ఉన్న రంగుకన్నా లేతగా ఉంటేనే మందు పనికొస్తుంది, రంగులు కలిసిపోతే పక్కన పెట్టేయాలి. తొందరలో ఉన్నవాళ్లు దాన్ని పట్టించుకోకపోయినా, ఆమె ప్రతి సీసానూ వెలుతురుకు పెట్టి చూసేది. బిడ్డ నోట్లో రెండు చుక్కలు, ఎడమచేతి చిటికెన వేలికి సిరా, ఆ తర్వాత గోడ మీద సుద్దముక్కతో గుర్తు. ఇంట్లో పిల్లలందరికీ పడితే 'పి', ఎవరైనా మిగిలితే 'ఎక్స్'.

ఆ 'ఎక్స్' ఇళ్ల దగ్గరే మీ అమ్మ గొప్పతనం ఉంది, బుజ్జీ. మధ్యాహ్నం తలుపు తాళం ఉంటే సాయంత్రం పోయేది, సాయంత్రమూ దొరక్కపోతే రాత్రి అన్నాలయ్యాక పోయేది. ఇటుక బట్టీల దగ్గరికి పనికి వచ్చిన కుటుంబాలు ఏ జాబితాలోనూ ఉండవని తెలిసి, వాళ్లను వెతుక్కుంటూ పోయేది. "మొన్ననే వేశారు కదమ్మా, మళ్లీ ఎందుకు? జ్వరమొస్తే ఎవరు చూస్తారు?" అని ఒక తల్లి బిడ్డను చీర కొంగులో దాచుకుంది. నేను పక్కనే ఉన్నాను. మీ అమ్మ వాదనకు దిగలేదు. అరుగు మీద కూర్చుని, బిడ్డకు పాలు సరిపోతున్నాయా అని అడిగింది. చంకలో ఉన్న నీ చేయి పట్టి చూపించి, "నా బిడ్డకీ వేయించాను, ఇదిగో చూడు" అంది. కాసేపటికి ఆ తల్లే బిడ్డను ముందుకు తెచ్చింది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. దాంట్లో ఆ అరుగు మీది మాటల పాలు కూడా ఉంది. ఇది నేను ఎక్కడైనా చెప్పగలను.

అంతకుముందు సంగతి నీకు తెలియదు, నువ్వింకా పుట్టలేదు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో మీ అమ్మ రాత్రి బడి నడిపింది. పొలం పనులు ముగించి, ఇంట్లో వంట చేసి, ఆడవాళ్లు పలకలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ బడి పుస్తకాల్లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం చదివిన రోజున క్లాసు ముందుకు సాగలేదట, ఒక్కొక్కరూ ఇంట్లో పడుతున్న దెబ్బల సంగతి చెప్పుకున్నారట. 1992లో జిల్లా అంతటా సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. మీ అమ్మ ఏ పత్రిక ఫొటోలోనూ లేదు. తన క్లాసు ఆడవాళ్లు సారా వద్దన్న అర్జీ మీద వేలిముద్ర వేయకుండా సంతకాలు పెట్టారని మాత్రం ఎన్నేళ్లయినా చెప్పుకుని మురిసిపోయేది. ఇది తప్పకుండా రాయి.

ఇంట్లో సంగతులు దాచకు. ఆమె ఊరి మీద ఉన్న రోజుల్లో నువ్వు బడి గేటు దగ్గర ఎదురుచూసి ఏడ్చావు. "ఊళ్లో అందరి పిల్లలూ కావాలి, మన పిల్ల తప్ప" అని మీ నాన్న విసుక్కున్న రోజులూ ఉన్నాయి. అవి రాస్తే అమ్మ చిన్నబోతుందని భయపడకు. ఆ కోపాల మధ్య నుంచే ఆమె పని చేసింది. అలాగే మీ నాయనమ్మకు ఒక పేజీ ఇవ్వు. ఆ ఆదివారాల్లో నీకు స్నానం చేయించి, ముద్దలు కలిపి పెట్టింది ఆమే. నువ్వు రాసిన దాంట్లో ఆ పెద్దావిడ పేరు ఒక్కచోటా లేదు, అది అన్యాయం.

ఇక అమ్మ రాసుకున్న రక్తదాతల నోటుబుక్కు. దాని ఫొటో తీసి పుస్తకంలో వేయాలనుకుంటున్నావు. వద్దమ్మా. అందులో జనం పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. వాళ్లు అమ్మను నమ్మి ఇచ్చారు. పైగా అది ఇంకా పనికొచ్చే వస్తువు. ఎవరు చివరగా ఎప్పుడు రక్తం ఇచ్చారో అమ్మ తేదీ వేసుకుని, మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు గడిచాకే మళ్లీ అడిగేది. నెమ్మదస్తుడైన మనిషిని, ఫోన్ ఎత్తే మనిషిని చూసి ఆ నోటుబుక్కు అప్పగించు. ముందుగా అందులో ఉన్నవాళ్లకు ఒక మాట చెప్పి, ఒప్పుకున్నవాళ్లవే ఉంచు.

నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానుకుని అమ్మ పనులన్నీ నెత్తికెత్తుకోవాలా అని చివర్లో అడిగావు. అక్కర్లేదు. ఆమె ఎవరి బలవంతం మీదా చేయలేదు, నువ్వూ అలా చేయకూడదు. నీకు ఇష్టమైన పని కనిపించినప్పుడు నువ్వే పోతావు. అప్పటిదాకా దాన్ని అపరాధంలా మోయకు.

సంవత్సరీకానికి ఒక వారం ముందే రా. రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్లు కొందరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. ఇద్దరం వాళ్ల ఇళ్లకు పోదాం. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో, నీ మాటల్లోకి మార్చకు. ప్రూఫులు నాకు పంపు, అక్షరదోషాలు నేను దిద్దుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ