కాంతిఫలకము: సమకాంతికి అసమ చుక్కలు

సంధ్యాసమయమున నారాయణగూడ నుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ చేరువారికి రెండు దృశ్యములు కనబడును. ఒకటి, అంచున దీపములమర్చిన అక్రిలిక్ నామఫలకములు. పలక పారదర్శకముగా ఉండగా చెక్కిన అక్షరములు మాత్రమే వెలుగుచుండును. రెండవది, నగర కేంద్ర గ్రంథాలయ పరిసరములందు పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకుల ముందున్న లాప్‌టాప్ తెరలు. ఈ రెంటికిని మూలసూత్రము ఒక్కటే. ఆ సూత్రమును, దానిని కంప్యూటరు నమూనాగా మలచు విధమును విద్యార్థులకు తెలుపుటయే మా ఉద్దేశము.

ద్రవస్ఫటిక తెరకు స్వయంప్రకాశము లేదు. లాప్‌టాప్ వంటి పలుచని పరికరములలో తెర వెనుక ఒక పారదర్శక కాంతిఫలకము, దాని అంచున దీపముల వరుస ఉండును. పూర్వము ఆ దీపములు సన్నని ఫ్లోరోసెంట్ గొట్టములు. నేడు తెల్లని ఎల్.ఇ.డి.లు. వీటికి ఆధారమైన నీలి ఎల్.ఇ.డి.ని రూపొందించినందుకు 2014లో అకసాకి, అమనో, నకమురలకు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

అక్రిలిక్ వక్రీభవన గుణకము సుమారు 1.49. గాలితో దాని సందిగ్ధ కోణము సుమారు 42 డిగ్రీలు. అంచుగుండా లోనికి వచ్చిన కిరణము ఫలకపు పొడవు దిశ నుండి 42 డిగ్రీలకు మించి వంగజాలదు. కావున పై తలమును తాకునపుడు లంబముతో అది చేయు కోణము 48 డిగ్రీలకు తగ్గదు. ఇది సందిగ్ధ కోణము కంటె ఎక్కువ గనుక సంపూర్ణాంతర పరావర్తనము తప్పదు. (పరావర్తనమునే మన ఉర్దూ మిత్రులు ఇన్‌ఇకాస్ అందురు.) తలము నునుపుగా ఉన్నంతవరకు కాంతి లోపలనే బందీ. చెక్కిన గాటుగాని, క్రింది తలమున ముద్రించిన తెల్లని చుక్కగాని, అచ్చుపోసిన సూక్ష్మమైన బొడిపెగాని కిరణపు దిశను మార్చినపుడే అది వెలికి రాగలదు.

అట్లయిన చుక్కలను సమముగా పరచినచో తెర సమముగా వెలుగదా? లెక్క వేసి చూతము. ఫలకమును 10 సమభాగములు చేసి, ప్రతి భాగమును తనను చేరిన కాంతిలో పదవవంతును వెలికి పంపుననుకొందము. దీపము 100 పాళ్ల కాంతినిచ్చినచో మొదటి భాగమున 10, రెండవదానిలో 9, మూడవదానిలో 8.1, ఇట్లు తగ్గుచు పదవదానిలో 3.9 పాళ్లు మాత్రమే వెలువడును. సుమారు 35 పాళ్లు చివరి అంచున మిగిలిపోవును. సరియైన పంపకము వేరు. మొదటి భాగము 1/10 వంతు, రెండవది మిగిలినదానిలో 1/9, మూడవది 1/8, తొమ్మిదవది 1/2, చివరిది ఉన్నదంతయు పంపవలెను. అప్పుడే అన్నింటికిని 10 పాళ్లు. కావుననే దీపము చెంత చుక్కలు పలుచగను, దూరమున దట్టముగను ఉండును.

నిజమైన ఫలకమున కాంతి అంచుల నుండి తిరిగి వచ్చును, పక్కలకు వ్యాపించును, కొంత శోషింపబడును. అందుచేత లైట్‌టూల్స్, ట్రేస్‌ప్రో వంటి సాఫ్ట్‌వేర్ల సహాయము అవసరము. అసంఖ్యాకమైన చుక్కలను విడివిడిగా గీసినచో కంప్యూటరుకు భారమగును. కనుక ఒక చుక్క ఆకారమును ఒకేసారి నిర్వచించి, స్థానమును, పరిమాణమును, సాంద్రతను విడిగా తెలుపుదురు. పిమ్మట యాదృచ్ఛిక దిశలలో కిరణములను పంపి, ప్రతి గడిలో వెలువడిన వానిని లెక్కింతురు. వెలుగు హెచ్చిన చోట చుక్కలు తగ్గించి, తగ్గిన చోట పెంచి, మరల కిరణములు పంపుదురు.

ఇచట మూడు జాగ్రత్తలు కలవు. గడికి 100 కిరణములే చేరినచో లెక్కలో సుమారు 10 శాతము ఒడుదుడుకు సహజము. దానిని 1 శాతమునకు తగ్గింపవలెనన్న 10,000 కిరణములు కావలెను. 10,000 గడులున్న తెరకు అవి 10 కోట్లు! తొందరపడి కొద్ది కిరణములతో చుక్కలను సవరించినవాడు లేని లోపమునకు మందు వేసినవాడగును. కనుక మొదట పెద్ద గడులతోను, పిదప చిన్న గడులతోను సాగవలెను. రెండవది, చుక్కలు క్రమమైన వరుసలలో ఉన్నచో తెర గడులతో కలిసి అలల వంటి చారలేర్పడును. కనుక వాటిని కొద్దిగా అటునిటు జరుపుదురు. మూడవది, అచ్చులో పోసిన బొడిపె అంచులు గుండ్రబడవచ్చును. కొలిచి చూడనిదే నమూనాను నమ్మరాదు.

ఖరీదైన సాఫ్ట్‌వేరు లేదని విద్యార్థులు వెనుకాడవలదు. పై పది భాగముల లెక్కకు కాగితము, పెన్సిలు చాలును. పైథాన్ వంటి ఉచిత భాషలో కిరణములను అనుసరించు చిన్న ప్రోగ్రాము వ్రాయవచ్చును. ప్రయోగశాలకు ఒక అక్రిలిక్ పట్టీ, ఎల్.ఇ.డి. దీపము, గరుకు కాగితము, లక్స్ మీటరు సమకూర్చవలసినదిగా కళాశాల పాలకవర్గమును కోరుచున్నాము. దీపము చెంత తక్కువగను, దూరమున ఎక్కువగను పట్టీని గీకి, చోటుచోటున కాంతిని కొలిచి, తమ లెక్కతో సరిపోల్చిన విద్యార్థి ఎంత పెద్ద సాఫ్ట్‌వేరు ముందైనను తడబడడని మా విశ్వాసము.